ఒకటి నెత్తిన గీత

మే 19

నీడలో నలభై రెండు పాయింట్ ఆరు. గాలి లేదు. వాన సున్నా. ఇదంతా ఆఫీసు రిజిస్టరులో ఎక్కించేశాను. మళ్లీ ఇక్కడెందుకు రాస్తున్నానో! పదకొండేళ్ల అలవాటు. కలం పట్టుకుంటే చెయ్యి ముందు అంకెలే రాస్తుంది.

సాయంత్రం తమ్ముడి నర్సరీకి వెళ్లాను. మోటారు వేస్తే పైపు రెండుసార్లు దగ్గి, ఇంత బురద కక్కి ఊరుకుంది. బావి పనైపోయినట్టే. వాడు గులాబీల దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. నలభై మూడు తల్లిమొక్కలు. పన్నెండేళ్లు ఈ పువ్వు పుప్పొడి ఆ పువ్వుకి అంటించి, మొలిచినవాటిలో మంచివి ఏరి, వాటికి అంట్లు కట్టి వాడు సొంతంగా తెచ్చిన రకం. వాడి దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. విచ్చితే అచ్చం వాన ముందు మబ్బు రంగు. ఇప్పుడు పువ్వూ లేదు, మొగ్గా లేదు. ఆకు పట్టుకుంటే వేళ్లలోనే పొడైపోయింది.

"ఎలా ఉన్నావురా?" అన్నాను.

"నన్నెందుకు, వీటిని అడుగు."

మరదలు గ్లాసుడు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. సగం తాగి, మిగతాది పక్కనున్న మొక్క మొదట్లో పొయ్యబోతే వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "ఒక్కదానికి పోస్తే మిగతా నలభై రెండూ నోళ్లు తెరుచుకుని చూస్తాయక్కా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

"నెల మొత్తం మీద నలభై మిల్లీమీటర్లు దాటితే నిషేధం ఎత్తేసి తోటలకి గొట్టాలు వదులుతారు కదా. ఇప్పటికెంతయింది?"

"ఇరవై ఒకటి."

"పర్లేదు. నెల ఇంకా పన్నెండు రోజులుంది."

మే 22

వాన 9.2. మొత్తం 30.2.

ఎనిమిదీ ముప్పై ఐదుకి మాస్టారి ఫోను. "నాకు తొమ్మిదీ పాయింట్ మూడొచ్చిందమ్మా. నీకు?" చెప్పాను. "తేడా పాయింట్ ఒకటి. ఇద్దరం పాసు" అన్నారు.

బళ్లో నాకు దశాంశాలు నేర్పింది ఈయనే. డెబ్భై ఎనిమిదేళ్లు వచ్చినా కొండ వీధిలో పిల్లలకి లెక్కలు చెబుతూనే ఉన్నారు. మేడ మీద సొంత గేజి పెట్టుకుని ముప్పై ఏళ్లుగా వాన కొలుస్తున్నారు. చిన్నప్పుడు గోళీ తగిలి ఎడమ కన్ను పోయింది. ఉన్న ఒక్క కంటితోనే చదువూ, వానా, పిల్లల రాతల్లో తప్పులూ. నీళ్లబోర్డు ఆవరణలో గేజి చూసే పని ఖాళీగా ఉందని నాకు చెప్పి పంపిందీ ఆయనే. "అంకెకి అబద్ధం తెలీదమ్మా, మనం నేర్పితే తప్ప" అని అప్పుడన్నారు.

మే 26

నలభై మూడు పాయింట్ ఒకటి. సున్నా.

పక్క వీధి దర్జీ నాలుగు టమాటా మొక్కలకి గొట్టం పెట్టాడని కుళాయి కనెక్షన్ కోసేశారు. మార్చి నుంచీ తాగడానికీ ఇంటి అవసరాలకీ తప్ప నీళ్లు వాడకూడదన్నది అందరికీ తెలుసు. వాడికీ తెలుసు. "కళ్ల ముందు చస్తుంటే చూడలేకపోయానండీ" అంటున్నాడు, అక్కడికి అవి కన్నబిడ్డలైనట్టు. నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

మే 29

వాన 3.6. మొత్తం 33.8. ఇంకా ఆరు పాయింట్ రెండు కావాలి.

కావాలని నేనెందుకు రాయాలి? కొలిచేదాన్ని, అంతే.

మే 30

మధ్యాహ్నం తమ్ముడు వచ్చాడు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పడుతుందంటావా?"

"మబ్బయితే ఉంది."

"మబ్బు నాలుగు రోజుల్నించీ ఉంది. దానికేం, పనా పాటా! ఇంకా ఎంత పడాలి?"

"ఆరు పైచిలుకు."

వాడు చూపుడువేలి మీద బొటనవేలు పెట్టి కొలిచాడు. "ఇంతేనా? గోరంత కదక్కా."

పన్నెండు మొక్కలకి కొమ్మలు నల్లబడ్డాయట, చివరి నుంచి కిందికి వస్తోందట. వెళ్లబోతూ అన్నాడు, "గాలి ఉంటే చినుకులు గేజిలో పడకుండా పక్కకి కొట్టుకుపోతాయని ఒకసారి చెప్పావు, గుర్తుందా?"

"గుర్తుంది."

"ఊరికే అడిగాలే" అని వెళ్లిపోయాడు.

అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్లు, నాకు పదిహేడు. వాడు నన్ను నోరు తెరిచి ఏదీ అడిగి ఎరగడు. అడగాల్సిన అవసరం నేను రానివ్వలేదు.

ఆరు గంటలకి జల్లు పడింది. పది నిమిషాలు. గాలి బాగా ఉంది.

మే 31

వాన 7.4. నెల మొత్తం 41.2.

జూన్ 1

నీళ్లబోర్డు తలుపుకి కాగితం అంటించారు. ఈ నెలంతా తోటలకీ నర్సరీలకీ సాయంత్రం రెండు గంటలు గొట్టం పెట్టుకోవచ్చు. మరదలు ఫోను చేసింది. "వదినా, మీ తమ్ముడు మొక్కల మధ్య నిలబడి తానే తడుస్తున్నాడు, చిన్నపిల్లాడిలా." ఆమె వెనకనుంచి నీళ్ల చప్పుడు వినిపించింది.

నిన్న పొద్దున మాస్టారి ఫోను గురించి రాయలేదు.

"నాకు ఒకటీ పాయింట్ ఆరు. నీకు?"

"ఏడూ పాయింట్ నాలుగండీ."

పుస్తకం తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"ఏడా?"

"ఏడండీ."

"అరెరే, నీళ్లు పారబోసేశానే. మళ్లీ చూద్దామన్నా లేవు" అన్నారు.

"వాన వీధికో రకంగా పడుతుంది కదా మాస్టారూ."

"పడుతుంది. పడుతుంది" అన్నారు రెండుసార్లు.

జూన్ 2

గాలిలో గేజి తక్కువ పట్టుకుంటుంది. ఇది నేను కల్పించింది కాదు, పుస్తకాల్లో ఉంది. ఆ సాయంత్రం గాలి గంటకి ముప్పై కిలోమీటర్లు. నిజంగా పడిన వాన గేజిలో ఉన్నదానికంటే ఎక్కువే ఉండి తీరాలి. ఎంత ఎక్కువో ఎవరు చెప్పగలరు? ఎవరూ చెప్పలేరు.

పైగా వాడు అడిగాడు.

జూన్ 5

ముప్పై తొమ్మిది. సున్నా.

నర్సరీకి వెళ్లాను. నల్లబడిన కొమ్మలు కత్తిరించేశాడు. కత్తిరించిన చోట కింద ఎర్రటి చిగురు, గోరు చివరంత. వాడు ఒక్కో మొక్కా చూపిస్తూ, "ఇది లేచింది, ఇది లేచింది, ఇది బద్ధకం మనిషి, రేపు లేస్తుంది" అంటూ తిప్పాడు. నలభై మూడూ బతికాయి. ఒక్కటి కూడా పోలేదు.

వచ్చేదారిలో ప్రతి ఇంటి ముందూ గొట్టమే. ఒకాయన మొక్కలతో ఆగక మెట్లు కడిగాడు, గోడ కడిగాడు, గేటు కూడా కడిగాడు. మూడు నెలల కసి. నీళ్లు కాలవలో పడి గలగలా పారుతున్నాయి. తల వంచుకుని వచ్చేశాను.

జూన్ 8

రిజర్వాయరు వారంలో మూడడుగులు దిగింది. "ఇదెక్కడి దాహమండీ ఈ ఊరికి!" అన్నారు ఇంజనీరు గారు. నేను థర్మామీటరు తుడుస్తున్నాను. తుడిచిందే తుడిచాను.

జూన్ 9

నాలుగు రోజులుగా మాస్టారి ఫోను లేదు. కొండ వీధికి వెళ్లాను.

వరండాలో పిల్లలు కూర్చునే చాపలు చుట్టి గోడకి ఆనించి ఉన్నాయి. మాస్టారు భూతద్దం పట్టుకుని పాత పుస్తకాలు తిరగేస్తున్నారు.

"రా అమ్మా. నా దొంగతనం పట్టుకుంటున్నాను."

"ఏం దొంగతనం మాస్టారూ?"

"ముప్పై ఏళ్లలో నీ ఆఫీసు అంకెకీ నా అంకెకీ ఒక్క మిల్లీమీటరు తేడా దాటలేదు. ఇప్పుడు ఆరు! ఒకటికీ ఏడుకీ తేడా తెలీలేదంటే ఇంకేం తెలుస్తుంది? ఆ సాయంత్రం ఇక్కడే కూర్చుని చూశాను, జల్లు ఇక్కడా అక్కడా ఒక్కలాగే పడింది. వీధికో వాన అని నాకు ఓదార్పు చెప్పకు."

"ఒక్కరోజుకేనా..."

"ఒక్కరోజు కాదు. మొన్న బస్సు నంబరు తప్పు చదివాను. పిల్లాడి లెక్క కరెక్టయితే కొట్టేశాను. వాడు ఏడ్చుకుంటూ వెళ్లాడు. అంకె కనిపించనివాడు లెక్కలేం చెబుతాడు? పిల్లల్ని రావద్దన్నాను."

ఆయన కూతురు కాఫీ తెచ్చింది. కప్పు అందుకుని పక్కన పెట్టాను.

చెప్పడానికే వెళ్లాను. కాఫీ చల్లారిపోయింది, తాగి వచ్చేశాను.

ఇక్కడైనా రాస్తాను. ఆ పొద్దున కొలజాడీలో ఉన్నది ఒకటీ పాయింట్ నాలుగు. అలాగే రాశాను. రాసి, పక్కన కూర్చున్నాను. తర్వాత ఒకటి నెత్తిన గీత పెట్టాను. చిన్న గీత. క్షణం కూడా పట్టలేదు.

జూన్ 13

నలభై. సున్నా.

కొండ వీధికి నీళ్లు ఎక్కడం మానేశాయి. పైన ఉన్నవాళ్లకే ముందు ఆగిపోతాయి. ఆడవాళ్లు బిందెలతో కిందికి దిగి, ఆఫీసు ముందు కుళాయి దగ్గర నిలబడ్డారు. ఒకామె ఇంజనీరు గారిని నిలేసింది: "మీ పూలు బతకాలని మా గొంతులు ఎండబెట్టారా?"

ఆయన లోపలికి వచ్చి కుర్చీలో కూలబడ్డారు. "నిషేధం మళ్లీ పెడదామంటే పైవాళ్లు ఒప్పుకోవట్లేదు. నలభై ఒకటి కురిసిందని మీరే రాశారు, రూలు ప్రకారం నెలాఖరు దాకా ఎత్తేసి ఉంచాల్సిందే అంటున్నారు. ఆ ఒక్క అంకె నా కాళ్లు కట్టేసింది" అన్నారు. నన్ను అనలేదు. అంకెని అన్నారు.

జూన్ 15

మాస్టారి కూతురు ఆఫీసుకే వచ్చింది. పంతొమ్మిదిన నాన్నగారికి కంటి ఆపరేషనట. డాక్టరు చూసి, పొర కొంచెం ఉంది గానీ తొందరేం లేదు, కొన్నాళ్లు ఆగొచ్చు అన్నాడట. "నాన్నే వినలేదు. అంకెలు తారుమారవుతున్నాయి, చేసెయ్యండి అని పట్టుబట్టారు. చక్కెర జబ్బు, ఉన్నది ఒక్క కన్ను. ఏదైనా అయితే..." అని ఆగింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు నిజం చెప్పబట్టే తెలిసిందక్కా. వేరేవాళ్లయితే పెద్దాయన్ని బాధపెట్టడం ఎందుకని ఊరుకునేవాళ్లు."

ఆమె వెళ్లాక గేజి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. ఎండలో నెత్తి మాడింది.

జూన్ 16

వాడు అడిగాడు.

జూన్ 17

వాడు అడగలేదు. మే 30 నాటి పేజీ మళ్లీ చదివాను. ఎక్కడా అడగలేదు.

పొద్దున్నే నర్సరీకి వెళ్లి చెప్పేశాను. వాడు చేతిలో కత్తెర కింద పెట్టాడు.

"నేను అడిగానా అక్కా? దొంగరాత రాయమని అడిగానా?"

"గాలి మాట ఎత్తావు కదరా."

"ఎత్తాను. కడుపు మండి ఏదో వాగాను. వాగితే చెంప మీద ఒకటి కొట్టాలి గానీ..." మరదలు కొంగుతో నోరు మూసుకుంది.

"ఎల్లుండి మాస్టారికి ఆపరేషను. చెప్పాలిరా. చెబితే మళ్లీ నిషేధం పెడతారు."

వాడు మొక్కల వైపు తిరిగాడు. మొగ్గలు వేశాయి. వీపు నా వైపు పెట్టి, "ఇంకో పది రోజులు ఆగలేవా?" అన్నాడు.

ఇది మాత్రం అడిగాడు.

జూన్ 18

ముప్పై తొమ్మిది పాయింట్ ఎనిమిది. సున్నా. ఫోను మూడుసార్లు తీశాను, మూడుసార్లు పెట్టేశాను. ఎదురుగా నిలబడి చెప్పాల్సింది ఫోనులో ఏం చెబుతాను అనుకున్నాను. ఇది కూడా సాకే.

జూన్ 19

ఎనిమిదింటికి ఆపరేషను. ఏడుంబావుకి ఆసుపత్రికి చేరాను. రిక్షా దొరక్క సగం దూరం పరిగెత్తాను, యాభయ్యో పడిలో! మెట్లెక్కేసరికి ఊపిరి అందలేదు.

మాస్టారు ఆకుపచ్చ గౌనులో మంచం మీద కూర్చుని ఉన్నారు. నర్సు కంట్లో చుక్కలు వేస్తోంది. ఆ కన్ను నల్లగా, పెద్దగా తెరుచుకుని ఉంది. అది నన్ను చూస్తోందో లేదో తెలియలేదు.

"మాస్టారూ, నేను."

"గొంతు తెలుస్తుందిలే. కంటితోనే గొడవ."

"మీ కన్ను బాగానే ఉంది మాస్టారూ. ఆ రోజు ఏడు కాదు. నేను అబద్ధం రాశాను."

నర్సు చెయ్యి ఆగిపోయింది. ఆయన కూతురు లేచి నిలబడింది.

"గట్టిగా చెప్పు" అన్నారు మాస్టారు.

చెప్పాను. పక్క మంచాలవాళ్లు కూడా ఇటు తిరిగారు.

"ఎంతుంది ఆ రోజు? సరిగ్గా."

"ఒకటీ పాయింట్ నాలుగు."

"నాకు ఒకటీ పాయింట్ ఆరు" అన్నారు. "తేడా పాయింట్ రెండు."

అంతే. చొక్కా ఇమ్మని కూతుర్ని అడిగారు. బొత్తాలు పెట్టుకుంటూ ఒకటి తప్పు కాజాలో పెట్టుకున్నారు. సర్దబోతే నా చెయ్యి నెట్టేశారు.

"ఆఫీసులో చెప్పావా?"

"లేదండీ. ముందు మీకే..."

"తప్పు. ముందు అక్కడ చెప్పాలి. అక్కడ ఊరందరి గొంతులు. ఇక్కడ నాదొక్క కన్ను. ఈ మాత్రం పెద్దదేదో చిన్నదేదో నేర్పలేదా నీకు?" గొంతు పెంచలేదు. నాలుగో క్లాసులో కూడా పెంచేవారు కాదు. "వెళ్లు."

వెనకనుంచి ఆయన కూతురు, "నీ చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పాను కదే" అంది. ఆ మాట మెట్ల కింది దాకా వినిపించినట్టే ఉంది.

ఆసుపత్రి నుంచి నేరుగా ఆఫీసుకి వెళ్లాను. ఎనిమిదీ ముప్పైకి గేజి చూశాను. సున్నా. రాశాను. ఆ రిజిస్టరు పట్టుకుని ఇంజనీరు గారి గదిలోకి వెళ్లి, మే పేజీ తిప్పి, వేలు పెట్టి చూపించాను. ఆయన కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని చూశారు. గీత సిరా కాస్త ముదురుగా ఉంది. ఇన్నాళ్లూ ఎవరికీ కనబడలేదు.

"మీరా?" అన్నారు. తాళంచెవులు టేబిలు మీద పెట్టి వచ్చేశాను.

జూన్ 20

నిషేధం మళ్లీ పెట్టారు. నన్ను తీసేసిన కాగితం మధ్యాహ్నం వచ్చింది. తలుపు వేసుకుని కూర్చున్నాను. వీధిలో ఎవరో నా గురించే మాట్లాడుకుంటున్నారు. దర్జీ గొంతు: "నాలుగు టమాటాలకి నా కుళాయి కోశారు, ఈవిడకేం కోస్తారట?" న్యాయమైన ప్రశ్నే.

జూన్ 21

ఎండ ఎంతో తెలియదు.

జూన్ 24

పొద్దున్నే తోపుడుబండి చప్పుడు. తమ్ముడు. బండి నిండా కుండీలు. నలభై మూడింటినీ కుండీల్లోకి మార్చేశాడట. రెండు రోజులు వాడూ మరదలూ తవ్వుతూనే ఉన్నారట. ఈ ఎండలో వేళ్లు కదిపితే సగం చస్తాయని నాకు చెప్పిందే వాడు.

"ఇంటికొకటి ఇస్తున్నాను" అన్నాడు. నన్ను చూడకుండా అన్నాడు. "కూరగాయలు కడిగిన నీళ్లు, మొహం కడుక్కున్న నీళ్లు ఎవరింట్లోనైనా ఉంటాయి కదా. నలభై మూడిళ్లు దొరక్కపోతాయా ఊళ్లో! నా దగ్గరే ఉండాలని పట్టుకూర్చున్నానుగానీ, ఈ పని మేలోనే చెయ్యాల్సింది."

ఒక కుండీ దించి నా గుమ్మం పక్కన పెట్టాడు. బండి తోసుకుంటూ రెండడుగులు వేసి ఆగాడు. "ఆ రోజు పది రోజులు ఆగమన్నాను చూడు. అది నేను అన్నట్టు గుర్తుపెట్టుకోకు" అన్నాడు.

"సరే" అన్నాను. రాసి పెట్టానని చెప్పలేదు.

మొదట మా వీధిలో ఎవరూ తలుపు తియ్యలేదు. తర్వాత పక్క వీధిలో దర్జీ తీశాడు. ఒకటి కాదు, రెండు తీసుకున్నాడు.

జూన్ 29

మార్కెట్టుకి వెళ్తూ కావాలనే కొండ వీధి మీదుగా వెళ్లాను. నీళ్లు ఎక్కుతున్నాయి. మాస్టారి వరండాలో చాపలు పరిచి ఉన్నాయి. పిల్లలు పదమూడో ఎక్కం అరుస్తున్నారు. మాస్టారు తల ఎత్తారు. నన్ను చూశారు, చూడనట్టు ఊరుకోలేదు. చూసి, మళ్లీ పలక వైపు తిరిగారు. నేను ఆగలేదు.

జూలై 6

మధ్యాహ్నం మొదలైంది. మొదట ధూళి వాసన, తర్వాత రేకుల మీద చప్పుడు, తర్వాత ఏమీ కనిపించలేదు. నాలుగు గంటలు ఏకధాటిగా కురిసింది. వీధిలో అందరూ బకెట్లు, గిన్నెలు, చివరికి చంటిబిడ్డ స్నానం తొట్టి కూడా బయట పెట్టారు. ఎదురింటావిడ అలవాటుగా కేకేసింది, "ఎంత పడిందంటావమ్మా?" అని ఆగి, నాలిక కరుచుకుంది.

"తెలియదండీ" అన్నాను. నిజంగా తెలియదు.

తగ్గుముఖం పట్టాక తమ్ముడు వచ్చాడు, నిలువునా నీళ్లు కారుతూ. మొక్కలిచ్చిన ఇళ్లన్నీ తిరిగి వస్తున్నాడట. తువ్వాలు ఇచ్చాను. మెట్టు మీదే కూర్చుని తల తుడుచుకున్నాడు.

"ముప్పై ఒకటి బతికాయి."

పన్నెండు పోయాయి. నేను గీత పెట్టకపోయుంటే ఎన్ని పోయేవో, జూన్లో ఊరు ఎంత నీళ్లు మిగుల్చుకునేదో. లెక్క వెయ్యడం మొదలుపెట్టి, ఆపేశాను.

"మాస్టారింటిదీ పోయింది" అన్నాడు.

"ఎండకా?"

"ఎండకి కాదు. నీళ్లెక్కువై! ఇంట్లో కడిగిన నీళ్లన్నీ దానికే పోశారు. వేరు కుళ్లిపోయింది. రోజుకి లీటరు చాలన్నాను కదండీ అంటే, లీటరంటే ఎంతో నాకు నువ్వు చెబుతావా అని నా మీద ఎగిరారు." వాడు నవ్వాడు. నెలన్నర తర్వాత ఆ నవ్వు. "ఇంకోటి కావాలట."

"ఇచ్చావా?"

"ఇస్తానన్నాను. నువ్వు తేవద్దు, మీ అక్కనే తెమ్మను అన్నారు."

తువ్వాలు పిండి, మడిచి, మళ్లీ విప్పాను.

"ఇంకేమైనా అన్నారా?"

"లేదు. తొమ్మిదింటికి పిల్లలొస్తారట. ఆలోపే రమ్మన్నారు."

రేపు ఎనిమిదింటికి వెళ్తాను. నా గుమ్మం పక్కన కుండీనే తీసుకెళ్తాను. బరువుగా ఉంది, వానకి మట్టంతా తడిసి. కొండ ఎక్కేటప్పుడు రెండు మూడుసార్లు దించుకోవాల్సి వస్తుంది.